చెల్లెలి పెళ్ళి ముందా, నా తల ఆపరేషన్ ముందా?

గోదావరి జిల్లాల నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు వద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రమే ఇస్తున్నాను.

ఆవిడకు 34 ఏళ్ళు. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచరు. భర్తది ప్రైవేటు ఉద్యోగం. రెండో తరగతి చదివే కొడుకు ఉన్నాడు. ఏడెనిమిది నెలలుగా తలనొప్పి. పొద్దున లేవగానే ఎక్కువ, ముగ్గు వేయడానికి వంగితే ఇంకా ఎక్కువ, ఒక్కోసారి కాసేపు పడుకుని లేస్తే మాయం. మైగ్రేన్ అన్నారని మాత్రలు వాడారు, కళ్ళజోడు మార్చారు. రెండుసార్లు మాత్రం, ఒకసారి క్లాసులో బోర్డు దగ్గర, ఇంకోసారి వంటింట్లో, స్పృహ తప్పకుండానే కాళ్ళు పట్టు తప్పి కూలబడ్డారు. నీరసం అనుకున్నారు. చివరికి ఎమ్మారై తీస్తే, "మూడో వెంట్రికిల్‌లో 13 మిల్లీమీటర్ల కొల్లాయిడ్ సిస్ట్. పక్క వెంట్రికిల్స్ కొద్దిగా పెద్దవయ్యాయి" అని వచ్చింది. మెదడు లోపలి నీటి గదుల్లో ఒకదాంట్లో తిత్తి అన్నమాట, ఆ గదులే వెంట్రికిల్స్.

మొదటి సర్జన్ తల తెరిచి తీయాలన్నారు. రెండో సర్జన్ చిన్న రంధ్రం చేసి ఎండోస్కోపుతో తీస్తానన్నారు. డల్లాస్‌లో గుండె డాక్టరుగా ఉన్న పెదనాన్నగారి అబ్బాయి, "ఇలాంటివి చాలామందిలో ఉంటాయమ్మా, కదిలించకు, ఆరు నెలలకోసారి స్కాన్ చూసుకుంటే చాలు" అన్నాడు. అత్తగారు ఎవరో ముక్కులో పసరు పోసి తలలో గడ్డలు కరిగిస్తారట, వెళ్దామంటున్నారు. అన్నిటికీ మించి, ఇంకో పదకొండు వారాల్లో చెల్లెలి పెళ్ళి. "అక్కకి తలలో గడ్డ అని తెలిస్తే అవతలివాళ్ళు సంబంధం వదులుకుంటారు, పెళ్ళయ్యేదాకా నోరు విప్పకు" అని అమ్మ మాట తీసుకున్నారు. నాన్నకి అసలు తెలియదు. పెళ్ళి కానిచ్చి వేసవి సెలవుల్లో చేయించుకుందామని భర్త అంటున్నారు. "నాకు చావు కన్నా మతిమరుపు అంటే భయం. పుస్తకం చూడకుండా పద్యాలు చెప్పే టీచర్ని. ఆపరేషన్ తర్వాత పిల్లల పేర్లు కూడా గుర్తుండవేమో" అని రాశారు. చివర సిగ్గుపడుతూ ఒక ముక్క కలిపారు: "జుట్టంతా తీసేస్తారా? పెళ్ళి ఫొటోల్లో ఎలా నిలబడాలి?"

సమాధానం:

అమ్మా, మీకు ఇంతమంది ఇన్ని సలహాలు ఇచ్చారు గానీ, వాళ్ళంతా ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదు. ఆ సర్జన్లిద్దరూ ఎలా తీయాలో చెబుతున్నారు. మీ అన్నయ్య తీయాలా వద్దా అన్నదానికి చెబుతున్నాడు, అదీ మీలాంటి రోగిని దృష్టిలో పెట్టుకుని కాదు. మీవారు ఎప్పుడు అన్నది చూస్తున్నారు. మీ అమ్మగారు ఎవరికి తెలియాలి అన్నది చూస్తున్నారు. వీటన్నిటికన్నా ముందు తేలాల్సిన ప్రశ్న ఒకటుంది: తలలో నీరు ఆగుతోందా, లేదా? మీ రిపోర్టులో రెండో వాక్యం దానికే జవాబు. ఇంట్లో అందరూ 13 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయారు. పక్క వెంట్రికిల్స్ పెద్దవయ్యాయన్న ముక్కను పట్టించుకున్నట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

నేను చాలా ఏళ్ళు న్యూరోసర్జరీలో పనిచేశాను. అయినా మీ స్కాన్ నేను చూడలేదు, మిమ్మల్ని పరీక్షించలేదు. మీరు రాసినదే నాకు ఆధారం. ఆ హద్దులోనే చెబుతున్నాను.

మెదడు లోపల నాలుగు గదులుంటాయి, వాటినే వెంట్రికిల్స్ అంటారు. కుడి, ఎడమ పక్కల రెండు పెద్దవి, వాటి మధ్యన కిందుగా సన్నటి చీలికలా మూడోది, ఇంకా కింద నాలుగోది. ఈ గదుల్లో తేటగా ఉండే మెదడు నీరు, అంటే సీఎస్ఎఫ్, రోజుకు దాదాపు అర లీటరు ఊరుతుంది. ఏ క్షణంలో చూసినా లోపల ఉండేది మాత్రం సుమారు 150 మిల్లీలీటర్లే. అంటే ఊరేది ఊరుతూ, పోయేది పోతూ ఉండాలి. పక్క గదుల నుంచి మూడో గదిలోకి నీరు దిగడానికి చెరో వైపు ఒక చిన్న రంధ్రం ఉంటుంది. మన్రో రంధ్రాలు అంటాం. కొల్లాయిడ్ సిస్ట్ సరిగ్గా ఆ రెండు రంధ్రాల మొదట్లో, మూడో గది పైకప్పుకు అంటుకుని పుడుతుంది. మీది గోదావరి ప్రాంతం కాబట్టి చెబుతున్నాను, పంట కాలువ తూముకి అడ్డంపడిన తాటికాయ అనుకోండి. కాయ చిన్నదే, కాలువకి అది చేసే నష్టమూ లేదు. అది పడిన చోటుతోనే గొడవ.

ఇది క్యాన్సర్ కాదు. పక్కకు పాకదు, ఒళ్ళంతా వ్యాపించదు. లోపల జిగురులాంటి చిక్కటి పదార్థం నిండిన తిత్తి, అంతే. మెదడులో వచ్చే గడ్డలన్నిటిలో వీటి వాటా రెండు శాతానికి మించదు. ఎక్కువగా ముప్పై, నలభై ఏళ్ళ వయసులో బయటపడతాయి. మీరేదో తిన్నందుకో, టెన్షన్ పడినందుకో, ఫోను ఎక్కువ చూసినందుకో వచ్చింది కాదు.

మన ప్రాంతంలో ఒక సంగతి తేల్చుకోవాలి. టేప్‌వార్మ్ పిల్లపురుగు మెదడులో చేరి వెంట్రికిల్‌లో తిత్తిగా కనిపించడం మన దేశంలో ఉన్నదే. అదే చోట కనిపించే ఇతర గడ్డలూ కొన్ని ఉన్నాయి. పురుగు తిత్తి అయితే లోపల నీరులా పలచగా ఉంటుంది, వైద్యం దారి వేరు. కొల్లాయిడ్ సిస్ట్ మామూలు సీటీలో తరచుగా తెల్లగా, గుండ్రటి బిళ్ళలా కనిపిస్తుంది. ఈ అనుమానం తీరిందా అని సర్జన్ని అడగండి. ఒక నిమిషం పని.

ఇక డల్లాస్ అన్నయ్య మాట. అతను అబద్ధం చెప్పలేదు. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళు 1999లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. కొల్లాయిడ్ సిస్ట్ ఉన్నా దానివల్ల ఏ లక్షణమూ లేని 68 మందిని ఆపరేషన్ లేకుండా గమనించారు. ఐదేళ్ళదాకా ఎవరికీ లక్షణాలు రాలేదు, పదేళ్ళకు వచ్చే అవకాశం 8 శాతమని లెక్క తేలింది. వేరే కారణానికి స్కాన్ తీస్తే అనుకోకుండా కనబడిన చిన్న సిస్టుకు "కదిలించకు" అన్నది మంచి సలహా. అలాంటివాళ్ళకు నేనూ అదే చెప్పేవాణ్ణి. కానీ మీరు ఆ 68 మందిలాంటివారు కారు. వంగితే పెరిగే తలనొప్పి, రెండుసార్లు కాళ్ళు పట్టుతప్పడం, గదులు పెద్దవవడం, ఇవన్నీ మీకున్నాయి. అవన్నీ అతనికి చెప్పారా? "చిన్న సిస్ట్ అట" అని వాట్సాప్‌లో ఒక ముక్క పంపితే, ఆ ముక్కకు తగిన జవాబే వస్తుంది.

2016లో అమెరికా సర్జన్లు కొందరు ఒక లెక్క తయారుచేశారు. సిస్ట్ వల్ల నీరు ఆగే ప్రమాదం ఎవరికి ఎక్కువో అంచనా వేయడానికి ఐదు పాయింట్లు: వయసు 65 లోపు ఉండటం, తలనొప్పి ఉండటం, సిస్ట్ 7 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా పెద్దది కావడం, ఎమ్మారైలో ఫ్లెయిర్ అనే బొమ్మలో అది తెల్లగా మెరవడం, మూడో గదిలో ప్రమాదకరమైన చోట ఉండటం. నాలుగు, ఐదు వస్తే ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్ళ కింద లెక్క. మీకు మొదటి మూడూ ఇప్పటికే ఉన్నాయి. మిగతా రెండూ సీడీ చూసి సర్జన్ చెప్పగలరు. నిజానికి మీ విషయంలో ఈ లెక్కతో పెద్ద పని లేదు. అది ఇంకా నీరు ఆగనివాళ్ళలో ముందుచూపు కోసం. మీకు గదులు పెద్దవవడం మొదలైంది. మీ అన్నయ్యకు రిపోర్టు మొత్తం, కాళ్ళ సంగతితో సహా పంపండి. నాకు తెలిసి అతని మాట మారుతుంది.

అందుకే, తీయాలా వద్దా అన్న ప్రశ్నకు నా అభిప్రాయం దాచను: మీ లక్షణాలకు కారణం ఆ సిస్టే అని మిమ్మల్ని చూసిన సర్జన్లు అంటున్నప్పుడు, తీయించుకోవడమే మేలు. మందులతో ఇది కరగదు. పసరుతోనూ కరగదు. అత్తగారి మీద కోపం తెచ్చుకోకండి, తలకాయ ఆపరేషన్ అంటే ఆ తరం వాళ్ళకు చావు కబురుతో సమానం, మిమ్మల్ని దాన్నుంచి తప్పించాలనే ఆవిడ ఆరాటం. కానీ ముక్కులో ఘాటు పసరు పోస్తే తుమ్ములు, వాంతులు, తలనొప్పి వస్తాయి. రేపు నిజంగా నీరు ఆగి వాంతులైతే, "మందు పనిచేస్తోంది" అని ఇంట్లో కూర్చోబెట్టే ప్రమాదముంది. ఆవిడతో వాదించే బదులు, ఈసారి సర్జన్ దగ్గరికి ఆవిడను కూడా తీసుకెళ్ళండి. స్క్రీన్ మీద ఆ తెల్ల బిళ్ళను ఒకసారి కళ్ళారా చూస్తే సగం పని అయిపోతుంది.

ఇప్పుడు ఎలా అన్నది.

ఈ సిస్టును 1858లోనే వర్ణించారు. బతికున్న మనిషి నుంచి మొదట విజయవంతంగా తీసింది అమెరికా సర్జన్ వాల్టర్ డాండీ, 1921లో. సీటీ లేదు, ఎమ్మారై లేదు, మైక్రోస్కోపు లేదు. ఇప్పుడు దారులు బాగా తెలిసినవే. ఓపెన్ పద్ధతిలో నుదుటికి పైన చిన్న ఎముక పలక తెరిచి, కుడి, ఎడమ మెదడు భాగాల మధ్య సందులోంచి వెళ్ళి, రెంటినీ కలిపే పట్టీలో చిన్న గీటు పెట్టి, మైక్రోస్కోపు కింద సిస్టును గోడతో సహా తీస్తారు. కొందరు సందులోంచి కాకుండా మెదడు పైపొరలోంచే దారి చేసుకుంటారు. అందులో తర్వాత ఫిట్స్ వచ్చే అవకాశం కాస్త ఎక్కువ. ఎండోస్కోపు పద్ధతిలో రూపాయి బిళ్ళకన్నా చిన్న రంధ్రంలోంచి కెమెరా గొట్టం పంపి, లోపలి జిగురు పీల్చి, గోడను వీలైనంత తీసి, మిగిలింది కాల్చేస్తారు.

ఏది మేలు? 2014లో వెయ్యికి పైగా రోగుల వివరాలు కలిపి చూసిన ఒక విశ్లేషణ వచ్చింది. సిస్టును పూర్తిగా తీయగలిగింది ఓపెన్ పద్ధతిలో దాదాపు 97 శాతం మందిలో, ఎండోస్కోపుతో దాదాపు 58 శాతం మందిలో. తిరిగి రావడం ఓపెన్‌లో ఒకటిన్నర శాతం, ఎండోస్కోపుతో నాలుగు శాతానికి దగ్గరగా. ఇబ్బందులు మాత్రం ఎండోస్కోపులో తక్కువ, సుమారు 10 శాతం. ఓపెన్‌లో 16. మరణాలు రెంటిలోనూ చాలా తక్కువ, చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ అంకెల్లో పాత కేసులూ ఉన్నాయి. ఎండోస్కోపు చెయ్యి తిరిగినవాళ్ళు ఈమధ్య అంతకన్నా పూర్తిగా తీస్తున్నారు. మొత్తం మీద ఓపెన్‌లో మళ్ళీ చేయాల్సిన పని తక్కువ, ఎండోస్కోపులో కోలుకోవడం తేలిక.

మీకు ఇద్దరు సర్జన్లు రెండు మాటలు చెప్పారంటే ఒకరు తప్పు అని కాదు. ఎవరి చెయ్యి ఏ దారిలో బాగా తిరిగిందో వాళ్ళు ఆ దారి చెబుతారు. అది మంచిదే కూడా. పద్ధతి పేరు కన్నా, ఆ పద్ధతిలో ఆ మనిషి అనుభవం ముఖ్యం. కాబట్టి "ఏది మంచిది డాక్టరుగారూ" అని అడగకండి, ఇద్దరూ తమదే అంటారు. మూడో వెంట్రికిల్ సిస్టులు మీరు ఎన్ని తీశారు, అందులో ఎంతమందికి మళ్ళీ చేయాల్సి వచ్చింది అని అడగండి. ఎండోస్కోపుతో మొదలుపెట్టి మధ్యలో రక్తం వచ్చినా, జిగురు గట్టిగా ఉండి రాకపోయినా ఓపెన్‌కు మారడానికి థియేటర్లో అన్నీ సిద్ధంగా ఉంటాయా అని అడగండి. ఎమ్మారైలో టీ2 అనే బొమ్మలో సిస్ట్ నల్లగా కనిపిస్తే లోపలి పదార్థం చిక్కగా ఉండి పీల్చడం కష్టం కావచ్చు, మీది ఎలా ఉందో అడగండి. ఆపరేషన్ రోజు రాత్రి ఐసీయూలో ఎవరుంటారన్నదీ అడగండి. ఈ ప్రశ్నలకు చిరాకుపడే సర్జన్ అయితే, ఎంత పేరున్నా, నేనైతే ఇంకొకరిని చూసుకుంటాను.

మరో ఇరకాటం కూడా మీకు తెలియాలి. గదులు కొద్దిగా పెద్దవైతే ఎండోస్కోపు తిప్పడానికి చోటు దొరుకుతుంది. మామూలు సైజులో ఉంటే కష్టం. మీ విషయంలో అలా ఆ దారి తెరిచే ఉంది. సిస్ట్ జోలికి వెళ్ళకుండా నీటిని పొట్టలోకి మళ్ళించే షంట్ అనే గొట్టం వేయడం ఇంకో మార్గం. ఇక్కడ రెండు రంధ్రాలూ మూసుకుపోతాయి కాబట్టి రెండు వైపులా వేయాల్సి రావచ్చు, గొట్టం మూసుకుపోతే మళ్ళీ ఆపరేషన్, సిస్ట్ అక్కడే ఉంటుంది. ఆపరేషన్ తట్టుకోలేని పెద్దవయసు వాళ్ళకు అది సరే. 34 ఏళ్ళ మీకు నేను ముందుగా చెప్పే దారి కాదు.

మతిమరుపు గురించి మీ భయం ఉత్త భయం కాదు, దాన్ని కొట్టిపారేసే డాక్టర్ని నమ్మకండి. సిస్టును ఆనుకునే ఫోర్నిక్స్ అనే సన్నటి నరాల కట్ట రెండు వైపులా వెళ్తుంది. కొత్త విషయాలు జ్ఞాపకంలో నిలవడానికి అది కావాలి. ఏ పద్ధతిలో వెళ్ళినా దాని పక్కనుంచే వెళ్ళాలి. అది నలిగితే పొద్దున ఏం తిన్నారో, నిన్న ఎవరొచ్చారో గుర్తుండకపోవచ్చు. చాలామందిలో ఇది వచ్చినా కొన్ని వారాల్లో, నెలల్లో సర్దుకుంటుంది. కొద్దిమందిలో ఎంతో కొంత మిగిలిపోతుంది. ఎప్పుడో కంఠతా పట్టిన పద్యాలు, కొడుకు పేరు, నడిచే దారి ఇలా పోయేవి కావు. దెబ్బ తగిలితే కొత్తగా నేర్చుకునేదానికే ముందు తగులుతుంది. టీచరుకి అదీ చిన్న విషయం కాదని నాకు తెలుసు.

కానీ త్రాసులో రెండో వైపు కూడా చూడండి. ఆ సిస్టూ, ఆగిన నీరూ అదే ఫోర్నిక్స్‌ను రోజూ నొక్కుతూనే ఉంటాయి. ఆపరేషన్ వద్దనుకుంటే జ్ఞాపకశక్తి భద్రంగా ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒక పని చేయండి: ఆపరేషన్‌కు ముందే జ్ఞాపకశక్తి పరీక్ష చేయించుకోండి. న్యూరో విభాగం ఉన్న పెద్ద ఆస్పత్రుల్లో క్లినికల్ సైకాలజిస్టులు చేస్తారు, బెంగళూరు నిమ్హాన్స్‌లో అందుకు మంచి విభాగమే ఉంది. ఇప్పుడు ఎలా ఉందో కాగితం మీద ఉంటే, తర్వాత మార్పు వచ్చిందా, అది ఆపరేషన్ వల్లా, ముందునుంచే ఉన్నదా అన్నది తేలుతుంది. ఈ పరీక్ష కోసం ఆపరేషన్ వాయిదా వేయకండి, తేదీ లోపు కుదిరితేనే.

పెళ్ళి సంగతికొస్తాను. మీకు నిద్ర పట్టనివ్వనిది ఇదేనని అర్థమైంది.

మీ అమ్మగారి భయం వెనక ఒక లెక్క ఉంది: అక్కకొస్తే చెల్లికీ వస్తుందని అవతలివాళ్ళు అనుకుంటారని. ఒకే కుటుంబంలో ఇద్దరికి కొల్లాయిడ్ సిస్ట్ కనిపించిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి గానీ బహు అరుదు. మామూలుగా ఇది వంశపారంపర్యంగా వచ్చేది కాదు. మీ చెల్లెలికి ఏ లక్షణమూ లేకపోతే స్కాన్ తీయించాల్సిన పని కూడా లేదు. ఈ మాట మీ సర్జన్ నోట మీ అమ్మగారు వింటే చాలు.

ఇప్పుడు మీ ముందు ఉన్న దారులు. వెంటనే, అంటే రెండు మూడు వారాల్లో, ఆపరేషన్ చేయించుకుంటే పెళ్ళికి ఇంకా ఎనిమిది వారాల పైనే ఉంటుంది. అంతా సవ్యంగా జరిగితే ఎండోస్కోపుకు వారం అటూ ఇటూ ఆస్పత్రిలో ఉంటారు, నెల, నెలన్నరలో మామూలు పనుల్లో పడొచ్చు. ఓపెన్ అయితే ఇంకొంచెం పడుతుంది. పెళ్ళిలో పీటల పక్కన కూర్చోగలరు. వంటవాళ్ళ వెనక పరుగులు, రాత్రంతా మేలుకోవడం మాత్రం వద్దు. నష్టం ఏమిటంటే, ఈ విషయం నలుగురికీ తెలుస్తుంది. దాచలేరు.

రెండో దారి, పెళ్ళి దాటేదాకా ఆగడం. దీనికి సర్జన్ ఒప్పుకోవాలి. వారంలోపు కంటి డాక్టరు చుక్కల మందు వేసి కంటి వెనక నరం చూడాలి, అక్కడ వాపు ఉంటే ఇక ఆగే ప్రశ్నే లేదు. మధ్యలో ఒకసారి సీటీ తీసి గదుల సైజు పోల్చాలి. కొత్త లక్షణం ఏది వచ్చినా అదే రోజు ఆస్పత్రి. వీటన్నిటికీ సిద్ధపడి కొందరు కొన్ని వారాలు ఆగుతారు, చాలామందికి ఏమీ కాదు కూడా. కానీ కాళ్ళు రెండుసార్లు పట్టుతప్పిన మీకు నేను ఈ దారి ఇష్టంగా చెప్పలేను. వేసవి సెలవులు మాత్రం మరీ దూరం. పెళ్ళి హడావుడిలో నిద్ర లేక తలనొప్పి వస్తే అలసట అనుకుంటారు, వాంతి అయితే తిండి పడలేదనుకుంటారు, మత్తుగా పడుకుంటే "పాపం, పడుకోనివ్వండి" అంటారు. కొల్లాయిడ్ సిస్ట్‌లో అరుదుగానైనా జరిగే పెద్ద ప్రమాదం సరిగ్గా ఇలాగే ఉంటుంది. రెండు రంధ్రాలూ ఒక్కసారిగా మూసుకుని, కొన్ని గంటల్లో స్పృహ తగ్గి, ప్రాణం మీదికి రావచ్చు.

పెళ్ళినే వాయిదా వేయడం మూడో దారి. అంత అవసరం నాకు కనిపించడం లేదు. మీ చెల్లెలి తప్పు లేకుండా ఆ బరువు ఆ అమ్మాయి మీద పడుతుంది.

మీరు ఎప్పుడు చేయించుకున్నా సరే, ఈ రహస్యం మాత్రం ఈ వారంలోనే కొంత సడలాలి. అవతలివాళ్ళకు చెప్పాలా అన్నది మీ కుటుంబం తేల్చుకోవాల్సిన విషయం. నన్నడిగితే, ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక మీ నాన్నగారే వెళ్ళి "పెద్దమ్మాయికి తలలో చిన్న తిత్తి, క్యాన్సర్ కాదు, తీసేస్తున్నారు, పెళ్ళికి లేచి తిరుగుతుంది" అని చెప్పడం మేలు. పెళ్ళయ్యాక ఎవరో చెబితే అది దాచిన నిజం అవుతుంది, దాని దెబ్బ మీ చెల్లెలి కాపురానికి తగులుతుంది. ఆ మాట విని వెనక్కి పోయే సంబంధమైతే ఏమిటన్నది నేను చెప్పను, అది మీ ఇంటివాళ్ళు ఆలోచించుకోవాలి. కానీ మీ నాన్నగారికి, చెల్లెలికి తెలియాలి. స్కూల్లో హెడ్మాస్టరుకో, మీ పక్క క్లాసు టీచరుకో తెలియాలి. మీరు బోర్డు దగ్గర మళ్ళీ కూలబడితే, వాళ్ళు గ్లూకోజ్ నీళ్ళు తాగించి బెంచీ మీద పడుకోబెట్టకూడదు. భరించలేని తలనొప్పితో వాంతులు, చూపు మసకబారడం, పిలిస్తే సరిగ్గా పలకకపోవడం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేసి, న్యూరోసర్జన్, సీటీ ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్ళాలి. చిన్న క్లినిక్కులో రెండు సెలైన్లు ఎక్కించి పొద్దున్న చూద్దాం అనేది కుదరదు. అక్కడ "కొల్లాయిడ్ సిస్ట్ ఉంది, రిపోర్టు ఇదిగో" అని మొదటి మాటగా చెప్పాలి. జ్వరమనో, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) అనో నడుములోంచి నీరు తీయబోతే ఆపాలి. ఇలా పైన నీరు ఆగినవాళ్ళకు అది ప్రమాదం. రిపోర్టు ఫొటో మీ ఫోన్లోనే కాదు, మీవారి ఫోన్లో, ఆ టీచరు ఫోన్లో కూడా ఉంచండి.

స్కూటీ ఈరోజు నుంచి ఆపేయండి. స్పృహలో ఉండగానే కాళ్ళు పట్టుతప్పే మనిషి బండి మీద లారీ పక్కన ఉండకూడదు. బస్సో, తోటి టీచరు బండి వెనకో వెళ్ళండి. ఆపరేషన్ తర్వాత మళ్ళీ ఎప్పుడు నడపాలో సర్జన్ చెబుతారు, ఫిట్స్ సంగతి చూసుకుని.

డబ్బు గురించి మీరు అడగలేదు, కానీ ప్రభుత్వ టీచరు కాబట్టి ఉద్యోగుల హెల్త్ కార్డు ఉంటుంది. మీరు ఎంచుకున్న ఆస్పత్రి నెట్‌వర్క్‌లో ఉందా, ఆ పద్ధతి ప్యాకేజీలో ఉందా, ఎండోస్కోపుకు పైన ఎంత కట్టాలి, ఇవి ముందే కాగితం మీద రాయించుకోండి. హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్, విశాఖ కేజీహెచ్ లాంటి చోట్ల న్యూరోసర్జరీ ఉంది. కార్పొరేట్ ఆస్పత్రే కావాలన్న నియమం లేదు. నేను పైన రాసిన ప్రశ్నలు అక్కడా అడగొచ్చు.

మీవారి మాట. ఆయన వేసవి అంటున్నది నిర్లక్ష్యంతో కాదేమో. మీ ఉత్తరం చూస్తే, సర్జన్ దగ్గరికి రెండుసార్లూ మీరు తమ్ముడితో వెళ్ళారు. ఆయన విన్నదంతా మీరు చెప్పినంతే, మీరు ఇంట్లో వాళ్ళు కంగారుపడతారని తగ్గించి చెప్పి ఉంటారు. ఈసారి ఆయన్ని తీసుకెళ్ళి, "వేసవి దాకా ఆగొచ్చా?" అని ఆయన్నే అడగనివ్వండి. జవాబు ఆయన చెవిన పడాలి. రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా సీడీ కూడా పట్టుకెళ్ళండి. బొమ్మలు చూడకుండా కాగితం చదివి మాట్లాడే అభిప్రాయం సగం అభిప్రాయమే.

బాబుకి చెప్పాలా అని రాయలేదు గానీ, చెప్పండి. అమ్మ తలలో చిన్న తిత్తి ఉంది, డాక్టరుగారు తీసేస్తారు, కొన్నాళ్ళు అమ్మమ్మ దగ్గర ఉంటావు అంటే చాలు. రెండో తరగతి పిల్లాడు ఇంట్లో గుసగుసలు విని ఇంతకన్నా ఘోరమైనది ఊహించుకుంటాడు.

ఇక జుట్టు. సిగ్గుపడాల్సిందేమీ లేదు, థియేటర్ బయట ఆడవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్నల్లో ఇదొకటి. ఇప్పుడు చాలామంది సర్జన్లు తలంతా గొరగరు. ఎండోస్కోపుకు నుదుటి పైన కుడివైపు చిన్న ముక్క, ఓపెన్‌కు కోత పొడవునా ఒక పట్టీ తీస్తారు. కొన్ని ఆస్పత్రుల్లో మాత్రం అలవాటు కొద్దీ మొత్తం తీసేస్తారు, కాబట్టి ముందురోజే సర్జన్‌తో మాట్లాడి, నర్సుకీ చెప్పించుకోండి. ఎనిమిది వారాలకు అక్కడ పొట్టి వెంట్రుకలు వస్తాయి, పాపిట కొంచెం పక్కకు తీస్తే మీ జుట్టే కప్పేస్తుంది. సవరం పెట్టుకోవచ్చు గానీ మచ్చ మీదుగా బిగించి లాగి కట్టకండి, బరువైన పూలజడ వద్దు, దండ చుట్టుకుంటే చాలు. గాయం పూర్తిగా మానిందని సర్జన్ చూసి చెప్పేదాకా గోరింటాకు, రంగు ఏదీ తలకు పెట్టకండి.